కుళాయి వాషర్‌తో కట్టిన రేడియో: హైదరాబాద్ బిట్‌ఎక్స్ కథ, ఇంట్లో చేయగలిగే ఐదు ప్రయోగాలు

కుళాయి కారుతుంటే ప్లంబర్ వచ్చి లోపల ఒక చిన్న వాషర్ మారుస్తాడు, చూసే ఉంటారు. హార్డ్‌వేర్ షాపులో చిల్లర డబ్బులకి దొరుకుతుంది. ఆ నైలాన్ వాషర్ మీద సన్నటి రాగి తీగ చుట్టి, దాన్ని ఒక రేడియోలో పెట్టి, ఆ రేడియోతో దేశాలు దాటి మాట్లాడొచ్చు అంటే నమ్ముతారా? జోక్ కాదు. ఆ డిజైన్ మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇంట్లో రేడియోలు కట్టుకునే హాబీ ఉన్నవాళ్లకి ఎన్నో దేశాల్లో దాని పేరు తెలుసు. ఇక్కడ మనలో చాలామందికి తెలియదు. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు ఆ రేడియో ఎలా పనిచేస్తుందో చూద్దాం. తర్వాత మీరు ఈ వీకెండ్ నుంచే మొదలుపెట్టగలిగే ఐదు ప్రయోగాలు చెప్తాను. చివర్లో లైసెన్స్ సంగతి. అది మాత్రం స్కిప్ చేయకండి.

హ్యామ్ రేడియో అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా. దీన్నే అమెచ్యూర్ రేడియో అంటారు. వ్యాపారం కోసం కాకుండా, నేర్చుకోవడానికీ ప్రయోగాలు చేయడానికీ గవర్నమెంట్ కొన్ని ఫ్రీక్వెన్సీలు మామూలు మనుషులకి వదిలింది. పరీక్ష రాసి, లైసెన్స్ తీసుకుని, వాటి మీద ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడొచ్చు. మధ్యలో టవర్ లేదు, ఇంటర్నెట్ లేదు, రీచార్జ్ లేదు. మీ యాంటెన్నా, అవతలివాళ్ల యాంటెన్నా, మధ్యలో ఆకాశం. అంతే.

"అన్నా, చేతిలో ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు?" రేడియో మాట ఎత్తితే ఫస్ట్ వచ్చే ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే. విశాఖపట్నం వాళ్లని అడగండి, వాళ్లే చెప్తారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. చేతిలో ఫోన్ ఉంది, అందులో చార్జింగ్ కూడా ఉంది, కానీ పక్క వీధిలో ఉన్న అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలుసుకునే దారి లేదు. ఫోన్ అంటే మన చేతిలో ఉన్న ముక్క ఒక్కటే కాదు. దాని వెనకాల టవరు, ఫైబరు, కరెంటు, డేటా సెంటర్ అన్నీ నిలబడి ఉంటేనే అది ఫోన్.

ఇంకో సంగతి. 2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి భారతి ప్రసాద్ గారి టీమ్ పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. అండమాన్ నుంచి హ్యామ్ సిగ్నల్ వినిపించి చాలా ఏళ్లయింది కాబట్టి, ప్రపంచంలోని హ్యామ్‌లందరూ ఆ సిగ్నల్ కోసం ఎదురుచూస్తున్నారు. సరదాగా మొదలైన ప్రోగ్రాం అది. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. అప్పటిదాకా హాబీ కోసం వాడిన ఆ రేడియోలే ఆ క్షణం నుంచి మనుషుల క్షేమ సమాచారం మోశాయి. వాళ్లు వెళ్లింది సునామీ కోసం కాదు. రేడియో వాడటం తెలిసినవాళ్లు, పనిచేసే రేడియోతో, అవసరమైన చోట ఉన్నారు. అంతే జరిగింది. ఇలాంటి పని తెలిసినవాళ్లు ఊరికి ఒక్కరైనా ఉండాలి అని నేను అనేది అందుకే.

సరే, ఇప్పుడు మన వాషర్ దగ్గరికి వద్దాం. ఫారిన్ మ్యాగజైన్లలో వచ్చే రేడియో సర్క్యూట్లు చూస్తే ఒక ఇబ్బంది ఉండేది. పార్ట్స్ లిస్టులో సగం మన దగ్గర దొరికేవి కావు. ఫలానా నంబర్ టొరాయిడ్ కావాలి అంటారు. టొరాయిడ్ అంటే చిన్న గారెలా మధ్యలో చిల్లు ఉండే కోర్, దాని మీద తీగ చుట్టి కాయిల్ చేస్తారు. అది బయటి దేశం నుంచి రావాలి. వస్తువు రేటు కంటే షిప్పింగే ఎక్కువ. అక్కడితో ప్రాజెక్ట్ అటకెక్కేది.

2003 ప్రాంతంలో హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ ఈ సమస్యని తిరగేసి ఆలోచించారు. హ్యామ్ లోకంలో ఆయన కాల్ సైన్ వీయూ2ఈఎస్ఈ. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది కదా, నాటకాలు, పాటలు, చాయ్, సమోసా... దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఆయన కూడా ఒకరు. ఆయన డిజైన్ పేరు బిట్‌ఎక్స్20. సర్క్యూట్ గీసేసి పార్ట్స్ కోసం వెతకడం కాదు, మామూలు షాపుల్లో ఏం దొరుకుతుందో చూసి దాని చుట్టూ సర్క్యూట్ గీశారు. టొరాయిడ్ దొరకదా? కుళాయి వాషర్ వాడు. ఖరీదైన రెడీమేడ్ ఫిల్టర్ దొరకదా? కంప్యూటర్ బోర్డుల్లో వాడే చవక 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌తో నువ్వే కట్టుకో. పవర్ కోసం స్పెషల్ ట్రాన్సిస్టర్ లేదా? పవర్ సప్లైల్లో వాడే ఐఆర్ఎఫ్510 పెట్టు, ఆరేడు వాట్లు ఇస్తుంది. డిజైన్ అందరికీ ఫ్రీగా ఇచ్చేశారు.

వాషర్ ఎలా పనిచేస్తుంది అని డౌట్ రావాలి. నైలాన్‌కి అయస్కాంత గుణం లేదు. అంటే తీగ గాలిలో చుట్టినట్టే లెక్క, వాషర్ దాన్ని ఒక షేపులో పట్టుకుంటుంది. ఐరన్ పౌడర్ కోర్ అయితే తక్కువ చుట్లు సరిపోతాయి, వాషర్ అయితే ఎక్కువ చుట్టాలి. ఓపిక ఖర్చవుతుంది, డబ్బులు మిగులుతాయి.

ఇక లోపలి లాజిక్. బీటెక్ వాళ్లకి ఇది భలే నచ్చుతుంది. మామూలుగా మాట్లాడే రేడియోలో రిసీవర్ ఒకటి, ట్రాన్స్‌మిటర్ ఒకటి, రెండు సర్క్యూట్లు ఉంటాయి. బిట్‌ఎక్స్‌లో చాలా భాగం రెండింటికీ ఒక్కటే. వినేటప్పుడు సిగ్నల్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది, మాట్లాడేటప్పుడు అదే దారిలో కుడి నుంచి ఎడమకి వస్తుంది. సింగిల్ లేన్ బ్రిడ్జి మీద కాసేపు ఇటు బళ్లు, కాసేపు అటు బళ్లు వదిలినట్టు.

ఎలా సాధ్యం? డయోడ్ మిక్సర్‌కి, క్రిస్టల్ ఫిల్టర్‌కి దిక్కుతో పని లేదు, ఎటు నుంచి సిగ్నల్ ఇచ్చినా పనిచేస్తాయి. పేచీ ఆంప్లిఫైయర్‌తోనే, అది ఒకవైపే పెంచుతుంది. అందుకని ప్రతి చోటా రెండు ఆంప్లిఫైయర్లు ఎదురెదురుగా పెట్టారు. వినేటప్పుడు ఒకదానికి కరెంటు, మాట్లాడేటప్పుడు రెండోదానికి. మైక్ బటన్ నొక్కగానే రిలే ఈ మార్పు చేసేస్తుంది. రెండు వైపులా పోతుంది కాబట్టే బైడైరెక్షనల్, దాంట్లోంచే ఆ పేరు.

లెక్క చూడండి. గాల్లోంచి 14 మెగాహెర్ట్జ్ సిగ్నల్ వచ్చింది. లోపల ఒక ఆసిలేటర్ 4 మెగాహెర్ట్జ్ తయారుచేస్తోంది. మిక్సర్‌లో రెండూ కలిస్తే తేడా ఎంత? 10. ఆ 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టర్ గుండా వెళ్తుంది. మనం ట్యూన్ చేసేటప్పుడు మార్చేది ఆ 4 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌నే, ఫిల్టర్ మాత్రం ఎప్పుడూ 10 దగ్గరే కూర్చుని ఉంటుంది. గేటు దగ్గర వాచ్‌మన్ లాగా, తన లైన్‌లోకి వచ్చినవాళ్లని మాత్రమే లోపలికి వదులుతుంది. ఫిల్టర్ దాటిన సిగ్నల్‌ని మళ్లీ 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌తో కలిపితే మిగిలేది మనిషి గొంతు. దాన్ని ఎల్ఎం386 అనే చిన్న ఐసీ పెంచి స్పీకర్‌కి ఇస్తుంది. మాట్లాడేటప్పుడు ఇదే కథ వెనక నుంచి ముందుకి.

ఇదే ఆలోచన తర్వాత మైక్రో బిట్‌ఎక్స్ అయింది. 2017 చివర్లో వచ్చిన కిట్ అది. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అన్ని హ్యామ్ బ్యాండ్లూ కవర్ చేస్తుంది, లోపల ఆర్డుయినో నానో ఉంటుంది. కోడ్ ఓపెన్. నచ్చకపోతే మీరే మార్చుకోవచ్చు. డిస్‌ప్లే మార్చినవాళ్లున్నారు, కొత్త ఫీచర్లు రాసినవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది సులువైన తలుపు.

ఓకే, ఇప్పుడు ప్రయోగాలు. వరసగా చేయండి, ఒకటి పూర్తయ్యాకే రెండోది.

మొదటిది, సున్నా రూపాయల ప్రయోగం. ఫోన్ తీయండి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ల వెబ్‌ఎస్‌డీఆర్ ఉంది. 2008లో మొదలైంది. అక్కడి యాంటెన్నాకి వచ్చే సిగ్నల్‌ని మీరు బ్రౌజర్‌లో ట్యూన్ చేసుకుని వినొచ్చు. మన సాయంత్రం పూట ఓపెన్ చేసి 14,200 కిలోహెర్ట్జ్ దగ్గరికి వెళ్లి, మోడ్ యూఎస్‌బీ పెట్టండి. ఇది పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్. మొదట బాతులు అరిచినట్టు వినిపిస్తుంది. మెల్లగా అటూ ఇటూ జరపండి, ఒక చోట ఠక్కున మనిషి గొంతు అవుతుంది. పవర్ ఆదా కోసం హ్యామ్‌లు సిగ్నల్‌లో ఒక సగమే పంపుతారు, మిగతాది రిసీవర్ పూరించుకోవాలి. అందుకే కొన్ని పదుల హెర్ట్జ్ తేడా వచ్చినా గొంతు మారిపోతుంది. ఒక గంట ఇలా వింటే చాలు, ఇందాక చెప్పిన ఫిల్టర్ ఎందుకంత ముఖ్యమో చెవికే తెలిసిపోతుంది.

రెండోది, క్రిస్టల్ ఆసిలేటర్, దాంతోపాటు ఆర్ఎఫ్ ప్రోబ్. కావాల్సినవి: ఒక బీసీ547 ట్రాన్సిస్టర్, 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, నాలుగు కెపాసిటర్లు, కొన్ని రెసిస్టర్లు, ఒక 1ఎన్4148 డయోడ్, మల్టీమీటర్. హైదరాబాద్ వాళ్లయితే కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లండి, ఇవన్నీ కలిపి టిఫిన్ ఖర్చులో వచ్చేస్తాయి. మల్టీమీటర్ ఒక్కటే వేరే ఖర్చు. ఆ మీటర్ ఇంత వేగంగా ఊగే కరెంటుని నేరుగా కొలవలేదు. డయోడ్, కెపాసిటర్ కలిపి ప్రోబ్ కడితే, ఆ ఊగే సిగ్నల్ డీసీ వోల్టేజ్‌గా మారి మీటర్ మీద కనిపిస్తుంది. క్రిస్టల్ తీసేస్తే రీడింగ్ పడిపోతుంది, పెడితే లేస్తుంది. ఆసిలేటర్ బతికే ఉందని సాక్ష్యం.

మూడోది, క్రిస్టల్స్ జత కలపడం. ఒకే బ్యాచ్‌లోవి ఒక ఇరవై క్రిస్టల్స్ కొనండి. అన్నిటి మీదా 10 మెగాహెర్ట్జ్ అనే రాసి ఉంటుంది, కానీ ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఇందాకటి ఆసిలేటర్‌లో ఒక్కొక్కటీ పెట్టి, ఫ్రీక్వెన్సీ కౌంటర్ మాడ్యూల్‌తో కొలిచి, కాగితం మీద రాసుకోండి. క్రిస్టల్‌ని వేలితో తాకి చూడండి, అంకె కదులుతుంది. మీ చేతి వేడి కూడా దానికి తెలుస్తోందన్నమాట. అందుకని తాకకుండా, కాసేపు ఆగి రీడింగ్ తీసుకోండి. ఒకదానికొకటి 100 హెర్ట్జ్ లోపు తేడా ఉన్న నాలుగింటిని పక్కన పెట్టండి. వాటిని వరసగా కలిపి, మధ్యమధ్యలో గ్రౌండ్‌కి కెపాసిటర్లు పెడితే ల్యాడర్ ఫిల్టర్. ఒక మనిషి గొంతు పట్టేంత సందు, రెండున్నర కిలోహెర్ట్జ్ అటూ ఇటూ, దాంట్లోంచి పోతుంది, మిగతాది ఆగిపోతుంది. డబ్బాలో పోసి అమ్మే మామూలు క్రిస్టల్స్‌తో రేడియో గుండెకాయ కట్టేశారు మీరు.

నాలుగోది, డైపోల్ యాంటెన్నా. ఫార్ములా ఒక్కటే గుర్తుపెట్టుకోండి: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి 143 బై 7.1, అంటే 20 మీటర్ల చిల్లర. మధ్యలో కట్ చేస్తే అటు పది, ఇటు పది. ఇంటి వైరింగ్‌కి వాడే మామూలు తీగ చాలు. మధ్యలోంచి కేబుల్ కిందికి దించాలి. వినడానికైతే డిష్ కనెక్షన్ మార్చినప్పుడు డాబా మీద వదిలేసిన కేబుల్ కూడా పనికొస్తుంది. డాబా మీద ఇరవై మీటర్లు ఎక్కడుంటుంది అంటారా? మధ్యలో ఒక వెదురుబొంగు నిలబెట్టి, రెండు తీగల్నీ గుడారం తాళ్లలా ఏటవాలుగా దించండి. దాన్ని ఇన్వర్టెడ్ వీ అంటారు.

ఇక్కడ ఒక్క నిమిషం సీరియస్‌గా వినండి. మన డాబాల పక్కనే కరెంటు తీగలు పోతుంటాయి. బొంగు జారినా, తీగ తెగినా వాటి మీద పడే అవకాశం ఉన్న చోట యాంటెన్నా కట్టకండి. ఒంటరిగా ఎక్కకండి. వర్షాకాలంలో ఉరుములు మొదలవకముందే కేబుల్ రేడియో నుంచి పీకేసి ఇంటి బయట పెట్టేయండి. ఇది హాబీ, ప్రాణం కంటే పెద్దది కాదు.

ఐదోది, రిసీవర్ సగం కట్టడం. చాలామంది బోర్డు మొత్తం సోల్డర్ చేసేసి, చివర్లో స్విచ్ వేసి, సౌండ్ రాలేదని పక్కన పడేస్తారు. వెయ్యి లైన్ల కోడ్ రాసి ఒకేసారి రన్ చేస్తే ఏమవుతుందో, ఇక్కడా అంతే. స్పీకర్ వైపు నుంచి మొదలుపెట్టి యాంటెన్నా వైపు కట్టుకుంటూ రండి. ముందు ఎల్ఎం386, స్పీకర్. బ్యాటరీతో నడుపుతూ ఇన్‌పుట్‌ని స్క్రూడ్రైవర్ కొనతో తాకండి, బుర్రుమని శబ్దం వస్తే ఆ భాగం పాస్. తర్వాత 10 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్, డిటెక్టర్. ప్రోబ్ పెట్టి చూడండి. తర్వాత ఫిల్టర్, తర్వాత మిక్సర్, ట్యూనింగ్ ఆసిలేటర్. ఒక్కో భాగం కలిపినప్పుడల్లా స్పీకర్‌లో గుసగుస కాస్త పెరుగుతుంది. చివరికి యాంటెన్నా తగిలించగానే ఆ గుసగుస ఒక్కసారిగా హోరు అవుతుంది. ఆ హోరులో ట్యూన్ చేస్తూ వెళ్తే మనుషులు దొరుకుతారు.

కాయిల్స్‌కి ఎనామెల్ పూసిన రాగి తీగ కావాలి. దాని కోసం ఆన్‌లైన్ ఆర్డర్ అక్కర్లేదు, మీ ఊళ్లో మోటార్ వైండింగ్ షాపు ఉంటుంది, తూకం లెక్కన ఇస్తారు. తీగ కొస మీద ఎనామెల్ బ్లేడుతో గీకాకే సోల్డర్ చేయండి, గీకకపోతే చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. బోర్డు కోసం పీసీబీ డిజైన్ కూడా అక్కర్లేదు. ఖాళీ కాపర్ బోర్డు తీసుకుని, దాన్నే గ్రౌండ్‌గా వాడుకుని, పార్ట్స్ గాల్లో నిలబెట్టి సోల్డర్ చేయొచ్చు. చూడ్డానికి చీమల పుట్టలా ఉంటుంది, పనితీరుకి ఏ ఢోకా లేదు.

ఇక ట్రాన్స్‌మిటర్ సగం. లైసెన్స్ చేతికి వచ్చాకే అది మొదలుపెట్టండి. ఎందుకు? లో పాస్ ఫిల్టర్ సరిగ్గా లేని ట్రాన్స్‌మిటర్ 14 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతూనే 28 మీద, 42 మీద కూడా చెత్త పోస్తుంది. వాటినే హార్మోనిక్స్ అంటారు. ఆ ఫ్రీక్వెన్సీల మీద ఇంకెవరో, ఇంకేదో ముఖ్యమైన పని చేసుకుంటూ ఉంటారు. మన సరదా వాళ్లకి అడ్డం కాకూడదు. లైసెన్స్ వచ్చాక కూడా మొదటి టెస్టులు యాంటెన్నా మీద కాదు, డమ్మీ లోడ్ మీద. ఒక కిలో ఓమ్, ఒక వాట్ రెసిస్టర్లు ఇరవై పక్కపక్కన కలిపితే 50 ఓమ్‌లు, 20 వాట్లు తట్టుకుంటుంది. వైర్ వౌండ్ రెసిస్టర్లు మాత్రం వద్దు, వాటి లోపల తీగ చుట్లే కాయిల్ అయి కూర్చుంటాయి. మీ ప్రోబ్ దాని మీద పీక్ 25 వోల్టులు చూపిస్తే, 25 ఇంటూ 25 బై 100, అంటే ఆరుంపావు వాట్లు. ఐఆర్ఎఫ్510 వెనక రేకు డ్రెయిన్‌కి కలిసి ఉంటుంది, కాబట్టి హీట్ సింక్‌కి తగలకుండా మధ్యలో మైకా షీట్ పెట్టడం మర్చిపోవద్దు.

ఆరు వాట్లు అంటే మన గదిలో ఎల్ఈడీ బల్బు కంటే తక్కువ. అది ఎంత దూరం పోతుంది? 7 మెగాహెర్ట్జ్ మీద పగలు కొన్ని వందల కిలోమీటర్లు, వాతావరణం పైన అయనోస్ఫియర్ అనుకూలిస్తే రాత్రి వేల కిలోమీటర్లు. రోజూ కాదు, కోరుకున్నప్పుడల్లా కాదు. వాట్సాప్ కాల్‌లా నొక్కగానే కలవదు. సూర్యుడి మూడ్, టైమ్, సీజన్ అన్నీ కలిసి రావాలి. కలిసొచ్చిన రోజు ఆ ఆనందం వేరు, ఎందుకంటే ఆ దారిలో ప్రతి మెట్టూ మీరు కట్టిందే.

లైసెన్స్ సంగతి. కేంద్ర టెలికమ్యూనికేషన్స్ శాఖ కింద డబ్ల్యూపీసీ విభాగం దీన్ని చూసుకుంటుంది, అప్లికేషన్ సరళ్ సంచార్ పోర్టల్‌లో. పన్నెండేళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. రెండు గ్రేడ్లున్నాయి. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి బేసిక్ ఎలక్ట్రానిక్స్, రేడియో రూల్స్ చాలు. జనరల్ గ్రేడ్‌కి వాటితోపాటు మోర్స్ కోడ్ కూడా, నిమిషానికి ఎనిమిది పదాల స్పీడ్. ఇంటర్ ఫిజిక్స్ గుర్తున్నవాళ్లకి థియరీ కష్టం కాదు. ఫీజు, సిలబస్ మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే రోజు పోర్టల్‌లో చూసుకోండి. పరీక్ష అయ్యాక లైసెన్స్ చేతికి రావడానికి టైమ్ పట్టొచ్చు. ఆ టైమ్‌లోనే రిసీవర్ కట్టేయండి, ఎదురుచూపు వేస్ట్ కాదు. ఆన్‌లైన్‌లో వాకీటాకీ దొరికింది కదా అని కొనేసి, లైసెన్స్ లేకుండా బటన్ నొక్కడం మాత్రం వద్దు.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే ఫ్రెండ్స్. రోజూ పది గంటలు ఫోన్‌లో ఉంటాం, దాని లోపల ఏముందో ఎప్పుడూ చూడం. చూసినా మన చేతులతో బాగుచేసే వీలు లేదు, అంతా అతికించేసి ఉంటుంది. బిట్‌ఎక్స్ దానికి పూర్తిగా వ్యతిరేకం. ప్రతి పార్ట్ కనిపిస్తుంది, ప్రతి పార్ట్ ఎందుకుందో తెలుస్తుంది, పాడైతే మన వీధిలోనే దొరుకుతుంది. తుపాను వచ్చి టవర్లు పడిపోయిన రోజు పనికొచ్చేది అలాంటి వస్తువు, అలాంటి మనిషి. అది కంపెనీ షోరూంలో దొరకదు, ఒక్కో కాయిల్ చుట్టుకుంటూ మనమే తయారవ్వాలి.

కాబట్టి ఈ రాత్రికి మొదటి ప్రయోగం చేసేయండి. పది నిమిషాలు చాలు. బాతు గొంతు మనిషి గొంతుగా మారిన ఫ్రీక్వెన్సీ ఎంతో, ఏ దేశం వాళ్లు వినిపించారో కామెంట్‌లో రాయండి. క్రిస్టల్స్ కొలిచినవాళ్లు మీ ఇరవై అంకెల ఫొటో పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో వాటిలోంచి ఫిల్టర్‌కి నాలుగు ఎలా ఎంచుకోవాలో అందరం కలిసి చూద్దాం. వీడియో నచ్చితే ఈసీఈ చదివే మీ తమ్ముడికో చెల్లికో పంపండి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కోసం వెతుకుతూ ఉంటారు పాపం. ఉంటా మరి, నమస్తే.